పొద్దున ఎగిరే మంట, మాపటికి వాలే మంట: ఒక కోవా పొయ్యి కేసు

నల్లగొండలో హోటళ్లు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్ల పొయ్యిలు, గ్యాస్ లైన్లు చూసే పని నాది. ఇరవై రెండేళ్లయింది. ఈ కేసులో మొదటి తప్పు ఇంటివాళ్లది, రెండోది నాది. రెండోదాని కోసమే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. దేవరకొండ రోడ్డు వైపు ఒక ఊరు అనుకోండి. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

నేపథ్యం

ఇంటాయన, ఆయన భార్య, డిగ్రీ అయిపోయి ఇంటి దగ్గరే ఉన్న కొడుకు. పదకొండు బర్రెలు. పాలు కేంద్రంలో పోస్తే వచ్చే డబ్బు దాణాకే సరిపోతోందని కోవా మొదలుపెట్టారు. పొద్దున ఇరవై లీటర్లు, సాయంత్రం ఇరవై లీటర్లు. బర్రె పాలు కాబట్టి లీటరుకు రెండు వందల గ్రాముల పైచిలుకు కోవా దిగుతుంది. పట్నంలో రెండు మిఠాయి దుకాణాలు వీళ్ల దగ్గరే తీసుకుంటాయి.

కోవా చేయడమంటే పాలలో ఉన్న నీళ్లను ఆవిరి చేయడమే. నలభై లీటర్ల పాలలో ముప్పై లీటర్ల దాకా నీళ్లు ఎగిరిపోవాలి. మరుగుతున్న నీళ్లు కిలో ఆవిరి కావాలంటే దాదాపు 540 కిలో కేలరీలు కావాలి. కడాయి పక్కల నుంచి వృథాగా పోయేది కూడా కలుపుకుంటే వీళ్లకు రోజుకు నాలుగు కిలోల పైన ఎల్పీజీ కాలుతోంది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు నెలకు ఏడు. వంటింటి సిలిండర్ వేరే.

చలికాలంలో ఇంకో తలనొప్పి ఉండేది. డిసెంబరులో తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి వెలిగిస్తే అరగంటలో సిలిండర్ ఒంటికి చెమట పట్టి, కింది సగం తెల్లగా మంచు పేరుకునేది. లోపల మూడు నాలుగు కిలోలు ఉండగానే మంట మెత్తబడిపోయేది. తూకంలో మోసం చేస్తున్నారని ఇంటాయన డీలరుతో రెండుసార్లు గొడవ పెట్టుకున్నాడు. మోసమేమీ లేదు. మనకు వచ్చే ఎల్పీజీ ప్రొపేన్, బ్యూటేన్ కలిసినది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, మామూలు బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద. ద్రవం ఆవిరి కావడానికి కావలసిన వేడి సిలిండర్ ఇనుము ద్వారా బయటి గాలి నుంచే రావాలి. ఒక్క సిలిండర్ నుంచి గంటకు రెండు కిలోలు లాగితే ఆ వేడి అందదు, ద్రవం చల్లబడిపోతుంది. పైగా తేలిగ్గా మరిగే ప్రొపేన్ ముందు ఎక్కువగా పోయి, అడుగున బ్యూటేన్ మిగులుతుంది. ఆ మిగిలినదే తెల్లవారి చలికి బద్ధకిస్తుంది. కొడుకు దాని మీద వేడినీళ్లు పోసేవాడట. ఆ మాట విన్నప్పుడు నాకే చెమటలు పట్టాయి.

ఇవన్నీ చూసి పెరట్లో గోబర్ గ్యాస్ కట్టించారు. ఆరు ఘనపు మీటర్ల దీనబంధు మోడల్. 1984లో వచ్చిన డిజైన్ ఇది, ఇటుక గుమ్మటం నేల లోపలే ఉంటుంది, కదిలే ఇనుప డ్రమ్ము ఉండదు. పదకొండు బర్రెల పెండ రోజుకు 130 కిలోల దాకా వస్తోంది. పాతిక కిలోల పెండకు ఒక ఘనపు మీటరు గ్యాస్ అని మోటు లెక్క. అంటే రోజుకు ఐదుకు కాస్త అటూ ఇటూ. ఇక సిలిండర్లు బంద్ అనుకున్నారు.

వచ్చిన సమస్య

కొడుకు ఫోన్ చేశాడు. "కాకా, గోబర్ గ్యాస్ అయితే వచ్చింది గానీ కోవా పొయ్యి అంటుకుంటలేదు. గ్యాస్ల దమ్ము లేదేమో, ఒకసారి వచ్చి సూడు."

వెళ్లి చూస్తే, కొట్టంలో ఉన్న పాత హై ప్రెషర్ బర్నర్‌కే పైపు తగిలించారు. సిలిండర్ రబ్బరు ట్యూబు పీకి, దాని స్థానంలో గోబర్ గ్యాస్ ట్యూబు. అగ్గిపుల్ల పెడితే నీలంగా ఒక చుక్క కనపడి ఆరిపోతోంది.

"గ్యాస్ అంటే గ్యాసే గదా తమ్మీ. అదీ మండుతది, ఇదీ మండుతది," అన్నాడు ఇంటాయన. ఈ మాట నేను ఇంతకుముందు కనీసం ఇరవై చోట్ల విన్నాను. గ్యాస్ అనే ఒక్క మాటతో మనం అన్నిటినీ పిలవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. పెట్రోలు బండిలో డీజిల్ పోయకూడదని పిల్లవాడికి కూడా తెలుసు, ఎందుకంటే వాటికి రెండు పేర్లున్నాయి.

మొదటి ప్రశ్న: గ్యాస్‌దా, పొయ్యిదా?

కొత్త ప్లాంటులో మొదట వచ్చే గ్యాస్ చాలావరకు గాలి, కార్బన్ డయాక్సైడే. మొదటి రోజులది వదిలేయాలి. కాబట్టి అనుమానం ముందు గ్యాస్ మీదికే పోతుంది. కానీ అదే లైన్ నుంచి వంటింట్లోకి ఒక కొమ్మ ఉంది, అక్కడ ప్లాంటు కట్టినవాళ్లు ఇచ్చిన గోబర్ గ్యాస్ స్టవ్ ఉంది. దాని మీద అన్నం ఉడుకుతోంది. మంట నీలంగా, నిదానంగా ఉంది. అంటే గ్యాస్ బాగానే ఉంది. ఒకే గ్యాస్ ఒక స్టవ్ మీద మండి ఇంకోదాని మీద మండకపోతే, తేడా స్టవ్‌దే.

అక్కడే కూర్చుని కొడుకుకు లెక్క చెప్పాను. గోబర్ గ్యాస్‌లో మండేది మీథేన్ ఒక్కటే, అది అరవై శాతం అనుకుందాం. మిగతా నలభై దాదాపుగా కార్బన్ డయాక్సైడ్, అది మంటలార్పే సిలిండర్లలో నింపే సరుకు. ఘనపు మీటరు గోబర్ గ్యాస్‌లో 5,000 కిలో కేలరీలుంటే, అంతే చోటు పట్టే ఎల్పీజీ ఆవిరిలో 25,000 దాకా ఉంటాయి. ఐదింతలు. కాకపోతే ఎల్పీజీ బరువైనది కాబట్టి చిన్న రంధ్రంలోంచి కాస్త నెమ్మదిగా పోతుంది. ఆ బరువు తేడాకు వర్గమూలం తీసి సరిచేస్తే, ఒకే జెట్ (గ్యాస్ దూసుకొచ్చే సన్నని రంధ్రం ఉన్న ముక్క), ఒకే ప్రెషర్ మీద ఎల్పీజీ ఇచ్చే వేడి గోబర్ గ్యాస్‌కు 3.6 రెట్లు. ఈ సరిచేసిన లెక్కనే మా పనిలో వోబీ ఇండెక్స్ అంటారు. రెండు గ్యాసులకు ఈ అంకె దగ్గర దగ్గరగా ఉంటేనే ఒకదాని పొయ్యి మీద ఇంకొకటి నడుస్తుంది.

ఇక ప్రెషర్. ఇంటి సిలిండర్ రెగ్యులేటర్ ఇచ్చేది 30 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం. కోవా పొయ్యి రెగ్యులేటర్‌ను వీళ్లు చదరపు సెంటీమీటరుకు కిలో దగ్గర పెట్టి వాడుతున్నారు, అంటే వెయ్యి సెంటీమీటర్ల నీళ్లు. గోబర్ గ్యాస్ లైన్లో పది సెంటీమీటర్లు ఉందనుకున్నా వందో వంతు. రంధ్రంలోంచి వచ్చే గ్యాస్ ప్రెషర్‌కు వర్గమూలం లెక్కన తగ్గుతుంది కాబట్టి పదింతలు తక్కువ. 3.6ను పదితో గుణిస్తే 36. ఆ బర్నర్ మీద వాళ్లకు వచ్చేది మామూలు వేడిలో 36వ వంతు. చుక్క కనపడి ఆరిపోయిందంటే ఆశ్చర్యం లేదు.

చేసిన ప్రయత్నం, నా తప్పు

ఈ లెక్క తెలిసి కూడా నేను చేసిన పని చూడండి. కొత్త బర్నర్ చేయిస్తే ఖర్చు, ఉన్నదాని జెట్ పెద్దది చేసి చూద్దామన్నాను. ఇంటాయన ముఖం చూసి ఆ మాట అన్నాను, నిజం చెప్పాలంటే. అప్పటికే ప్లాంటుకు బాగా పెట్టి ఉన్నాడు.

జెట్‌ను మూడు మిల్లీమీటర్లకు డ్రిల్ చేశాను, చాల్లేదు. ఐదుకు పెంచాను. సాయంత్రం ఐదు గంటలప్పుడు వెలిగిస్తే మెత్తటి, పొడుగాటి మంట వచ్చింది, కొసలు పసుపుపచ్చగా. గొప్పగా లేదు గానీ మండుతోంది. గాలి షట్టర్ అటూ ఇటూ తిప్పి, కడాయి స్టాండు కాస్త దించి, పాలు పెట్టించి, మరిగేదాకా చూసి వచ్చేశాను.

మండుతోంది కదా అని రావడం తప్పు. హై ప్రెషర్ బర్నర్‌లో గ్యాస్ సన్నని ధారగా దూసుకొచ్చి, తన వేగంతో పక్కనున్న గాలిని లోపలికి ఈడ్చుకుపోతుంది. గాలి కలిపే గొట్టం మొత్తం ఆ వేగాన్ని నమ్ముకుని చేసినది. రంధ్రం పెద్దదై ప్రెషర్ పడిపోతే ఆ ఈడ్పు పోతుంది. గాలి అవసరం గ్యాస్‌ను బట్టి మారుతుంది: ఒక పాలు ప్రొపేన్‌కు 24 పాళ్ల గాలి, బ్యూటేన్‌కు 31, మీథేన్‌కు తొమ్మిదిన్నర, ఈ గోబర్ గ్యాస్‌కు ఆరు లోపే. ఆ ఆరు కూడా సరిగ్గా అందక కొసలు పసుపెక్కాయి.

అంతకంటే పెద్ద పొరపాటు, నేను ప్రెషర్ కొలవలేదు. వెళ్లిందే ఒకసారి, అదీ సాయంత్రం.

నాలుగు రోజులకు మళ్లీ ఫోన్. ఈసారి ఇంటావిడ. "తమ్మీ, నువ్వు వచ్చిననాడు మంచిగనే మండింది. పొద్దుగాల మాత్రం మంట పొయ్యి మీద నిలుస్తలేదు, పైకి ఎగిరి ఆరిపోతున్నది. మాపటికేమో వాలిపోతది. పొద్దున ఒక తీరు, మాపటికొక తీరు. గ్యాస్ మారుతదా ఏంది?"

గ్యాస్ మారదు, ప్రెషర్ మారుతుంది. కదిలే డ్రమ్ము ఉన్న ప్లాంటయితే డ్రమ్ము బరువే గ్యాస్‌ను నొక్కుతుంది కాబట్టి ప్రెషర్ ఎప్పుడూ ఒకటే. గుమ్మటం ప్లాంటులో రాత్రంతా చేరిన గ్యాస్ స్లర్రీని, అంటే నీళ్లు కలిపిన పెండను, పక్క తొట్టిలోకి తోసి కూర్చుంటుంది. ఆ స్లర్రీ ఎత్తే ప్రెషర్. వాడేకొద్దీ తొట్టి దిగుతుంది, ప్రెషరూ దిగుతుంది. నాకు తెలిసిన విషయమే ఇది. రోజూ ఆ పొయ్యి ముందు నిలబడే మనిషి చెప్పేదాకా బుర్రలోకి రాలేదు.

మంట ఎగరడానికి ఇంకో కారణం కూడా కలిసింది. మంటకు వెనక్కి పాకే గుణం ఉంటుంది, మండని గ్యాస్ వైపు నడుస్తూనే ఉంటుంది. గ్యాస్ ముందుకొచ్చే వేగం, మంట వెనక్కి నడిచే వేగం సరిపోతే మంట రంధ్రం మీద నిలబడుతుంది. సరిగ్గా గాలి కలిస్తే ప్రొపేన్, మీథేన్ మంటలు సెకనుకు నలభై సెంటీమీటర్ల చుట్టుపక్కల నడుస్తాయి. గోబర్ గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ మంట కాళ్లకు బంధం వేస్తుంది, పాతిక దగ్గరికి పడిపోతుంది. అలాంటి నిదానపు మంటను పొద్దుటి ప్రెషర్ తోసేస్తే ఇక నిలబడేదెట్లా? మంట ఆరినా గ్యాస్ వస్తూనే ఉంటుంది, అదీ తెల్లవారుజామున, తలుపు మూసిన కొట్టంలో.

వాల్వు బంద్ పెట్టి, నేను వచ్చేదాకా ముట్టుకోవద్దని చెప్పాను.

మధ్యలో జరిగింది

నేను వెళ్లేలోపు కొడుకు తన తెలివి చూపించాడు. గోబర్ గ్యాస్ మంట చాలట్లేదు కదా, దానికి కాస్త ఎల్పీజీ కలిపితే సరిపోతుందని లైన్లో టీ (మూడు దారుల పైపు అతుకు) పెట్టి సిలిండర్ తగిలించాడు. జెట్ ఐదు మిల్లీమీటర్లది. రెగ్యులేటర్ హై ప్రెషర్‌ది. పుల్ల గీసేసరికి మంట రేకుల దాకా లేచింది. చేతి మీద వెంట్రుకలు కాలాయి, అంతకుమించి ఏమీ కాలేదు. సిలిండర్ వాల్వు దగ్గరే తల్లి నిలబడి ఉండి వెంటనే కట్టేసింది.

నేను వెళ్లినప్పుడు రేకు మీద బండి చక్రమంత నల్లటి మచ్చ చూపించారు. నాకు దానికంటే ఇంకోటి భయం వేసింది. కిలో ప్రెషర్‌తో వచ్చే ఎల్పీజీ ఆ టీ దగ్గర పొయ్యి వైపే పోవాలని లేదు, రెండో దారి గుమ్మటంలోకి. గుమ్మటం తట్టుకునేది మహా అయితే మీటరు ఎత్తు నీళ్ల ప్రెషర్. పది మీటర్ల ప్రెషర్ అందులోకి పోతే స్లర్రీ మొత్తం తొట్టిలోంచి పొంగి బయటపడుతుంది, లేదంటే ఇటుక పగులుతుంది. కొన్ని క్షణాల్లో కట్టేశారు కాబట్టి సరిపోయింది.

ఆ పిల్లవాణ్ణి తిట్టలేదు. జెట్ పెద్దది చేసింది నేనే. ఎల్పీజీ సిలిండర్ ఉన్న కొట్టంలో, ఎల్పీజీ బర్నర్ లాగే కనపడే వస్తువుకు ఐదు మిల్లీమీటర్ల రంధ్రం చేసి వదిలి వచ్చింది నేను.

పనిచేసింది

ముందు కొలత. మూడు మీటర్ల పారదర్శకపు ట్యూబు కొని, యు ఆకారంలో చెక్కకు మేకులతో బిగించి, అందులో కుంకుమ కలిపిన నీళ్లు పోశాను. ఒక కొసను లైనుకు తగిలించి, రెండో కొస గాలికి వదిలాను. ఆ రాత్రి అక్కడే పడుకుని తెల్లవారి నాలుగున్నరకు చూస్తే రెండు నీటిమట్టాల మధ్య తేడా 68 సెంటీమీటర్లు. అదే సాయంత్రం ఐదింటికి 9. ఏడున్నర రెట్ల తేడా. వర్గమూలం తీస్తే వేడి రెండు ముప్పావు రెట్లు మారుతోంది. ఏ జెట్ పెట్టినా రెండు పూటలా ఒకేలా మండే మాట లేదు.

సాయంత్రం అంత తక్కువ ఎందుకుందో కూడా తెలిసింది. ఉచితంగా వస్తోంది కదా అని మధ్యాహ్నం దాకా ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు దాని మీదే కాస్తున్నారు.

అప్పుడు నిర్ణయించుకున్నది ఇది. గోబర్ గ్యాస్‌కు దాని బర్నర్ దానికి, ఎల్పీజీకి దాని బర్నర్ దానికి. రెండు లైన్లు ఎక్కడా కలవకూడదు. ఒకే బర్నర్‌కు జెట్లు మార్చుకుంటూ వాడే ఏర్పాటు కూడా ఆలోచించాను, వద్దనుకున్నాను. చీకట్లో, నిద్ర కళ్లతో జెట్ మార్చే పని ఏదో ఒక రోజు తప్పుతుంది.

కొత్త బర్నర్‌ను పది సెంటీమీటర్ల ప్రెషర్‌కు లెక్కేశాను. గంటకు ఒకటిన్నర ఘనపు మీటర్లు పోవాలంటే జెట్ నాలుగు మిల్లీమీటర్లు. మంట నిదానం కాబట్టి గ్యాస్ కూడా నిదానంగా బయటికి రావాలి, అంటే పైన రంధ్రాలు ఎక్కువ ఉండాలి. జెట్ వైశాల్యానికి కనీసం ఎనభై రెట్లు చూసుకుంటాను నేను. ఐదు మిల్లీమీటర్ల రంధ్రాలు అరవై, రెండు వరుసల రింగులో. మిర్యాలగూడ రోడ్డులో నాకు తెలిసిన వెల్డింగ్ షాపులో చేయించాను. అక్కడ ఇనుము కోసేది ఎల్పీజీ–ఆక్సిజన్ మంటతోనే, ఇత్తడి అతుకులకు మాత్రం ఎసిటిలీన్ తీస్తాడు. కొడుకు నాతో వచ్చాడు, ఎసిటిలీన్ మంట 3,000 డిగ్రీలు దాటుతుందని విని, దాన్ని కోవా పొయ్యికి పెడితే ఎలా ఉంటుందని అడిగాడు. కడాయికి చిల్లు పడుతుందని చెప్పాను. వెల్డింగాయన నవ్వి, ఎసిటిలీన్‌ను మామూలు సిలిండర్లో ఒత్తి నింపితే తనంతట తనే పేలుతుందని, అందుకే ఆ సిలిండర్ లోపల అసిటోన్ తాగిన బెండులాంటి పదార్థం ఉంటుందని చూపించాడు. ఆ రోజు నుంచి ఆ పిల్లవాడు ఏ సిలిండర్ చూసినా ముందు లోపల ఏముందని అడుగుతున్నాడు.

ఇక ప్రెషర్ మారకుండా చూసే సంగతి. రెగ్యులేటర్ తెప్పించవచ్చు. కానీ ఆ కుంకుమ నీళ్ల ట్యూబు ఇంటావిడకు బాగా నచ్చింది. దాన్నే గోడకు బిగించి, బాల్ వాల్వుకూ బర్నర్‌కూ మధ్యలో తగిలించాను. పది సెంటీమీటర్ల దగ్గర ఎర్ర పెయింటుతో గీత. వెలిగించాక నీళ్లు గీత మీదికి వచ్చేదాకా వాల్వు తిప్పుకోవాలి, పది నిమిషాలకోసారి చూసుకోవాలి. పొద్దున వాల్వు పావు వంతు తెరిస్తే చాలు, సాయంత్రం ఇంకాస్త ఎక్కువ. స్నానాల నీళ్లు మానేశాక సాయంత్రం కూడా ముప్పై దాకా ఉంటోంది.

పది రోజులకు మంట గుక్కపట్టి ఏడ్చినట్టు ఆగి ఆగి మండుతోందన్నారు. అది తేలికే. గోబర్ గ్యాస్ తడిగా వస్తుంది, చల్లటి పైపులో ఆ తడి నీరై పల్లంలో నిలుస్తుంది, గ్యాస్ దాన్ని తోసుకుంటూ బుడగలుగా వస్తుంది. పైపుకు వాలు సరిచేసి, పల్లం చోట నీళ్లు వదిలే కుళాయి పెట్టించాను. ఎల్పీజీ వాళ్లకు ఈ బాధ తెలియదు.

అసలు మలుపు మాత్రం ఇంటావిడ తెచ్చింది. పాలు మరిగించడం గోబర్ గ్యాస్ మీద, చివర చిక్కబరచడం ఎల్పీజీ మీద అని నేను చెప్పాను. ఆమె వారం రోజులు అలా చేసి తిరగేసింది. మొదట నీళ్లు ఎక్కువున్నప్పుడు ఎంత గట్టి మంటయినా పాలు అడుగంటవు, కాబట్టి అప్పుడు ఎల్పీజీ. చిక్కబడ్డాక గట్టి మంట పెడితే అడుగు మాడి కోవాకు కమురు వాసన వస్తుంది, అప్పుడు కడాయిని గోబర్ గ్యాస్ రింగు మీదికి మార్చడం. అరవై రంధ్రాల వెడల్పు మంట అడుగంతా సమానంగా తగులుతుంది, గరిటె తిప్పుతూ గంటసేపు. "ఇప్పుడు చెయ్యి కూడ నొస్తలేదు తమ్మీ, అడుగు గీకే పని తగ్గింది," అన్నది. నేను వేడి ఎంత అని లెక్కేశాను. ఆమె ఎప్పుడు ఎలాంటి వేడి అని లెక్కేసింది.

కొట్టంలో ఇంకో రెండు పనులు చేయించాను. కొట్టానికి చుట్టూ గోడ ఉంది, గాలి పోయే సందు కింద లేదు. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర, రెండు రెట్లు బరువు, లీకైతే నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. గోడ అడుగున నాలుగు చోట్ల ఇటుకలు తీయించాను. పెండ కడిగే కాలువ సిలిండర్ పక్కనుంచే పోతోంది, లీకైన ఎల్పీజీ ఆ కాలువలో దిగి బర్రెల కొట్టం దాకా పోగలదు. సిలిండర్లను అక్కడి నుంచి జరిపించాను. గోబర్ గ్యాస్ గాలితో దాదాపు సమాన బరువు, కింద పైన అని చూడదు, అంతటా కలుస్తుంది. దానికోసం రేకుల కింద ఎత్తులో సందు తెరిపించాను. పైపు గ్యాస్ వచ్చిన ఇళ్లలో అది దాదాపు పూర్తిగా మీథేన్, గాలి బరువులో సగం చిల్లర, కప్పు దగ్గర చేరుతుంది. ఎల్పీజీ కోసం నేలకు జానెడు ఎత్తులో పెట్టిన అలారాన్ని పైపు గ్యాస్ వచ్చాక కూడా అక్కడే ఉంచుకున్న వంటిళ్లు ఈ మధ్య పట్నంలో చూస్తున్నాను.

ఎల్పీజీ వైపు రెండు సిలిండర్లను కలిపి ఒకేసారి లాగేలా పెట్టాను. ఒక్కోదాని మీద భారం సగమైంది, మంచు పట్టడం ఆగింది, అడుగు గ్యాస్ కూడా వస్తోంది. డీలరుతో గొడవ అక్కడితో పోయింది.

లెక్క ఎక్కడికి వచ్చింది

సిలిండర్లు బంద్ కాలేదు. నెలకు ఏడు నడిచే చోట ఇప్పుడు ఐదు. వంటింటి సిలిండర్ మాత్రం అటకెక్కింది. ఇంటాయనకు ఇది తక్కువే అనిపించింది. ఘనపు మీటరు గోబర్ గ్యాస్ కిలోలో సగం కంటే కాస్త తక్కువ ఎల్పీజీకి సమానం. రోజుకు ఐదు ఘనపు మీటర్లంటే రెండు కిలోల పైచిలుకు, అదీ మొత్తం వాడుకోగలిగితే. ఆయనకు కావలసింది నాలుగు కిలోల పైన. ప్లాంటు కట్టించేటప్పుడే ఈ ఒక్క వాక్యం ఎవరైనా చెప్పి ఉంటే ఆశ కొలతలో ఉండేది.

కొడుకు అడిగిన ఇంకో ప్రశ్న ఇక్కడ రాయాలి, చాలామంది అడిగేదే. మిగిలిన గోబర్ గ్యాస్‌ను ఖాళీ సిలిండర్లో నింపి దాచుకోలేమా? లేము, ఆ ప్రయత్నం చేయకూడదు. ప్రొపేన్, బ్యూటేన్ మన ఎండల్లో కూడా కొద్ది ప్రెషర్‌కే ద్రవమవుతాయి, అందుకే పద్నాలుగు కిలోలు ఒక సిలిండర్లో ఒదుగుతాయి. మీథేన్‌ను మైనస్ 82 డిగ్రీల కంటే చల్లబరిస్తే తప్ప ఎంత ఒత్తినా ద్రవం కాదు. వాహనాల సీఎన్జీని 200 బార్లకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లకు, ఒత్తి నింపేది అందుకే, ఆ సిలిండర్లు వేరు. పైగా గోబర్ గ్యాస్‌లో తడి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి, అవి ఇనుమును లోపలినుంచి తినేస్తాయి.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతిలో మారినవి చెప్తాను. నా సంచిలో ఇప్పుడు యు ట్యూబు తప్పకుండా ఉంటుంది. ఎవరు పిలిచినా రెండు పూటలా కొలిచాకే జెట్ ముట్టుకుంటున్నాను. జెట్ పెద్దది చేసిన ప్రతి బర్నర్‌కూ పచ్చ రంగు పూసి, ఎల్పీజీ నట్టు ఎక్కని కొలత మరలు పెట్టిస్తున్నాను. మాటతో చెప్పింది మర్చిపోతారు, మర ఎక్కకపోతే మర్చిపోయినా ఏమీ కాదు. ముఖం చూసి ఖర్చు తగ్గించే పని ఒకటి మానుకున్నాను.

ఏడాది దాటాక మొన్న వెళ్లి జెట్ విప్పితే ఇత్తడి నల్లగా, కాటుక పట్టినట్టు ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పని అది. స్టీలు జెట్ వేసి వచ్చాను. చలికి గుమ్మటం లోపలి పెండలో సూక్ష్మజీవులు మందగించి గ్యాస్ తగ్గింది, సిలిండర్లు మళ్లీ ఆరుకు పెరిగాయి. గుమ్మటం మీద వరిగడ్డి పరిచి చూడమన్నాను. ట్యూబులో కుంకుమ వెలిసిపోతే ఇంటావిడ పసుపు కలిపింది. చీకట్లో అదే బాగా కనపడుతోందట.